ఒడిబియ్యం మరక

నేను ఒక చీరను. గద్వాల చీరను. నా ఒళ్ళు నూలు, అంచులూ కొంగూ పట్టు. గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని జనం గొప్పగా చెప్పుకుంటారు. నన్నెవరూ అలా మడిచి చూడలేదు. అదే మేలైంది. అగ్గిపెట్టె అన్న మాట చెవిన పడితే చాలు, ఇప్పటికీ నాలో పోగు పోగూ బిగుసుకుపోతుంది. ఎందుకో చెబుతాను.

గద్వాలలో కిష్టప్ప అనే నేతగాడి మగ్గం మీద పుట్టాను. నాలాంటి చీరకు అంచు దగ్గర నూలునూ పట్టునూ పోగుకు పోగు మెలేసి కలపాలి. ఒక్కరి చేతి మీద అయ్యే పని కాదు. కిష్టప్ప ఒకవైపు, అతని భార్య సవారమ్మ మరోవైపు కూర్చుని పోగు చుట్టిన నాడెలు అందించుకునేవాళ్ళు. నేను మగ్గం మీద ఉన్న రోజుల్లో వాళ్ళిద్దరికీ మాటలు లేవు. ఏదో పెళ్ళికి వెళ్ళే విషయంలో తగువు. ఆమె కోపంగా విసిరిన నాడెను అతను పట్టుకుని, అంతకంటే కోపంగా తిరిగి విసిరేవాడు. నా అంచు మాత్రం ఎక్కడా వంకర పోలేదు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కూడా ఇంత బిగువుగా ఒకదాన్ని కలపగలరని నాకు అప్పుడే తెలిసింది. అలా ఎన్నేళ్ళయినా మాట్లాడుకోకుండా ఉండగలరని తరవాత తెలిసింది.

గంజి తెలుపు ఒళ్ళు, వంగపండు రంగు అంచు, కొంగు నిండా జరీ. ఇదీ నేను.

నన్ను కొన్నది వీరభద్రం. అతను గద్వాలకూ కర్నూలుకూ తిరిగే బస్సులో కండక్టరు. చీరల మూటతో ఆ బస్సెక్కే కిష్టప్పతో అతనికి పాత స్నేహం. ఒకరోజు మూట విప్పించి, సీట్ల మధ్యనే నిలబడి నన్ను ఎంచుకున్నాడు.

"ఎవరికన్నా? వదినకా?" అని అడిగాడు కిష్టప్ప.

"వదినకయితే నీ దగ్గర కొంటే ఊరుకుంటాదా? ఆమెకు దుకాణమే కావాల. ఇది మా చెల్లెలికి. ఒడిబియ్యం పోస్తున్నాం."

కిష్టప్ప నన్ను అతని చేతిలో పెట్టి కాసేపు వదల్లేదు. "ఒక మాట గుర్తు పెట్టుకో అన్నా. దీంట్లో రెండు ప్రాణాలున్నాయి. నూలుకు పనికొచ్చేది పట్టును చంపుతాది. కుంకుడురసం తప్ప ఇంకేం తగలనియ్యొద్దని చెల్లెకు చెప్పు."

బస్సు కుదుపుల్లో, అతని టికెట్ల సంచిలో, నాకు మొదటిసారి భయం వేసింది. పుట్టి వారం తిరగకముందే ఎలా చస్తానో విన్నాను.

వీరభద్రం చెల్లెలు చూడామణి. అత్తగారిల్లు కర్నూలు, పుట్టిల్లు అలంపురం. పెళ్ళయిన ఆడపడుచును పుట్టింటివాళ్ళు పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపడం ఆ వైపు ఆచారం. బియ్యాన్ని కొంగు చాపి పట్టాలి. ఆ కొంగును అలాగే ముడేసుకుని అత్తవారింటికి వెళ్ళాలి.

ఆ రోజు నన్ను కట్టుకుని పీట మీద కూర్చుంది చూడామణి. ఎదురుగా ఆమె వదిన నాగరత్నమ్మ, బియ్యం పళ్ళెంతో. నాగరత్నమ్మ చేతికి కొలత తెలియదు. ప్రేమగా చేసినా, కోపంగా చేసినా ఏదైనా ఎక్కువే. ఆ బియ్యంలో పసుపు ఎక్కువ, తడపడానికి పోసిన నూనె మరీ ఎక్కువ. చూడామణి ఆ పళ్ళెం వైపు చూసింది, నా కొంగు వైపు చూసింది. నా జరీ మీద కిటికీ వెలుగు పడుతోంది. ఆమె మెల్లగా కొంగును భుజం మీదికి తోసేసి, కుచ్చిళ్ళ దగ్గరి నూలు ఒడినే దోసిలిలా పట్టింది.

నాగరత్నమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఏందమ్మాయ్, కొంగు పట్టవా?"

"కొత్త పట్టు గదా వదినా. నూనె..."

"ఓహో! మా ఇంటి బియ్యం కంటే మా ఇంటి చీర ఎక్కువైందా నీకు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. వీరభద్రం కూడా నవ్వాడు. నవ్వనివాళ్ళు ఇద్దరే. నాగరత్నమ్మ గబగబా బియ్యం పోసేసింది. పళ్ళెం తిప్పి కొడితే పడ్డట్టు పడ్డాయి. నూనె నాలోకి దిగింది. దాని వెంట పసుపు దిగింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఒడిలో చెయ్యంత మరక.

"కావాలనే పోసింది" అంది చూడామణి ఆ సాయంత్రం భర్తతో. ఆ మాట ఎలా వెళ్ళాలో అలా అలంపురం వెళ్ళింది. వీరభద్రం ఉన్నన్నాళ్ళూ మధ్యలో నిలబడి, రెండు వైపులా మాట అందిస్తూ వచ్చాడు. అతను గుండెనొప్పితో పోయాక అందించేవాళ్ళు లేక వదినా ఆడపడుచుల మధ్య మాట తెగిపోయింది.

నన్ను ట్రంకుపెట్టెలో పెట్టారు. నన్ను చూడామణి మళ్ళీ కట్టుకోలేదు. మరకతో కట్టుకోలేదు. ఉతికితే పట్టు పాడవుతుందని ఉతకలేదు. అన్న పెట్టిన ఆఖరి చీరని ఎవరికీ ఇవ్వలేదు. అప్పుడప్పుడు పెట్టె తీసి, మడత విప్పి, మరక మీద వేలు పెట్టి చూసి మూసేది. మనుషుల ప్రేమ ఇలాగే ఉంటుంది. బాగా ఇష్టమైనదాన్ని చీకట్లో పెడతారు. చీకట్లో అది పాడవుతుంటే దిగులు పడతారు. పెట్టె ఇనుము నా మడతల మీద తుప్పు చుక్కలు పెట్టింది. పసుపు ముదిరి గోధుమరంగుకు తిరిగింది. నాకు అక్కడ భయం మాత్రం ఉండేది కాదు. చీకటికి అలవాటు పడ్డాను.

పెట్టె మూత మళ్ళీ తెరుచుకున్నప్పుడు చూడామణి చేతులు నేను గుర్తుపట్టలేకపోయాను. అంత సన్నబడ్డాయి.

ఆమె అప్పటికి కూతురు వకుళ ఇంట్లో ఉంది. వకుళ కర్నూలులోనే హైస్కూలు టీచరు, సైన్సు చెబుతుంది. భర్త గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, సెలవులకు వస్తాడు. ఆసుపత్రికి దగ్గరని తల్లినీ తండ్రినీ తనింటికి తెచ్చుకుంది. డాక్టర్లు చూడామణికి చేయగలిగింది చేసి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాటకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

చూడామణే అంది. నన్ను ఒళ్ళో పెట్టించుకుని, మంచం మీద వెనక్కి వాలి అంది.

"నన్ను పంపేటప్పుడు ఈ చీర కట్టండి."

వకుళ దుప్పటి సరిచేసింది.

"పసుపు కుంకుమలతో పోయే ఆడదానికి పుట్టింటి చీర కట్టాల. నాకు ఇప్పుడు తెచ్చేవాళ్ళు యాడున్నారు? అన్న పోయె. వదినతో మాటల్లేవు. ఆ ఇంటిది ఇదొక్కటే మిగిలింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "అయితే ఈ మరక పోవాల. మరక చీరతో మా అన్న ముందుకు ఎట్ల పోతాను? కొత్తది పెడితే ఇట్ల చేసినావా అంటాడు."

అప్పుడు నాకు అర్థమైంది. పంపడమంటే ఎక్కడికో, ఆ దారి చివర ఏముంటుందో అర్థమైంది. ఆమెతోపాటు నన్నూ. గద్వాల చీర అగ్గిపెట్టెలో పడుతుందని నవ్వుతూ చెప్పుకునే మాట గుర్తొచ్చింది.

ఇంకొకటి కూడా అర్థమైంది. మరక ఉన్నంతవరకే నేను.

వకుళ మెల్లగా పనిచేసే మనిషి. నన్ను ఒకేసారి నీళ్ళలో ముంచలేదు. బొడ్డులో దోపుకునే కొస, ఎవరికీ కనబడని చోటు, అక్కడ ఒక చుక్క కుంకుడురసం వేసి, తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో చూసింది. దిగలేదు. అప్పుడు వెడల్పాటి బేసిన్లో చల్లటి నీళ్ళు పోసి నన్ను పరిచింది. పిండలేదు, రుద్దలేదు. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. పారబోసి మళ్ళీ పోసింది. ఇన్నేళ్ళ పెట్టె వాసన నాలోంచి వెళ్ళిపోతుంటే, నన్నే కొంచెం కొంచెంగా పారబోస్తున్నట్టు అనిపించింది.

తుప్పు చుక్కలకు నిమ్మరసం, ఉప్పు పెట్టింది. నూలు మీదే పెట్టింది, అంచుకు తగలకుండా చుట్టూ పొడిగుడ్డ కట్టి. ఎండలో ఉంచి కడిగితే చుక్కలు పోయాయి. ఆమె చేతుల్లో అంత జాగ్రత్త నేను మగ్గం దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. ఇంత జాగ్రత్తా ఎందుకు? మంటకు అందించడానికి. మనుషులు ఏ పనినైనా శ్రద్ధగా చేయగలరు. ఆ పని ఎక్కడికి దారితీస్తుందో చూడకుండా ఉండటానికి కూడా శ్రద్ధే వాళ్ళకు సాయపడుతుంది.

పసుపు మరక మాత్రం కుంకుడుకు లొంగలేదు. నూనె వదిలింది, పసుపు వదల్లేదు. వకుళ చాలాసేపు ఆలోచించి, ఒళ్ళు నూలే కదా అనుకుని, బట్టల సబ్బు తడిపి మరక మీద ఒక్కసారి రాసింది.

మరక ఎర్రబడింది.

మామూలు ఎరుపు కాదు. పచ్చిగాయం రంగు. నా ఒడి మధ్యలోంచి ఏదో కారుతున్నట్టు ఆ ఎరుపు నురగలోకి పాకింది. వకుళ చేతిలోంచి సబ్బు జారిపోయింది. ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఆ నెలలో తల్లి దగ్గినప్పుడు దిండు మీద ఆమె చూసిన రంగు అదే.

"ఏమైందే?" లోపలి నుంచి చూడామణి గొంతు.

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే ఎందుకట్ల నిలబడినావు? ఇట్ల తీస్కరా."

వకుళ నన్ను బేసిన్‌తో సహా మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. చూడామణి వంగి చూసింది. ఆమె కూడా భయపడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో, చాలా రోజుల తరవాత, నవ్వు వచ్చింది.

"పారాణి గదే ఇది! పసుపులో సున్నం కలిపితే ఇదే గదా రంగు. నీ పెండ్లికి నీ కాళ్ళకు నేనే కలిపినా. సబ్బులోనూ అసుమంటి గుణమే." మళ్ళీ నవ్వబోయి దగ్గింది. "నువ్వు బళ్ళో పిల్లకాయలకు పసుపు కాయితం మీద సబ్బునీళ్ళు వేసి చూపిస్తావంట గదా. అప్పుడు భయం కాలేదా, టీచరమ్మా?"

"అది కాయితం అమ్మా" అంది వకుళ.

వకుళ బేసిన్ ఎత్తుకుంది.

"కడిగి ఎండకెయ్యి. పసుపు ఎండకు ఓర్చుకోదు" అంది చూడామణి.

నిజమే. మంచినీళ్ళలో కడిగి, నాలుగు నిమ్మచుక్కలు వేయగానే ఎరుపు వెనక్కి తగ్గి మళ్ళీ పసుపైంది. ఆ తరవాత నా రోజులన్నీ మేడ మీదే గడిచాయి. పొద్దున బడికి వెళ్ళేముందు వకుళ నన్ను దండెం మీద పరిచి, పట్టు వెలిసిపోకుండా అంచులకూ కొంగుకూ తండ్రి పాత పంచె కప్పి, మరకను మాత్రం సూర్యుడికి వదిలేసేది. సాయంత్రం తీసేది. మరక రోజూ కొంచెం తేలిపోయేది. నాకు ఎండంటే ఎప్పుడూ భయం లేదు. ఇప్పుడు తెల్లవారుతుంటేనే వణుకు పుట్టేది. మబ్బు పడితే ప్రాణం లేచొచ్చేది. ఒకరోజు వాన కూడా పడింది. అంత సంతోషంగా నేను ఎప్పుడూ తడవలేదు.

సాయంత్రం కాగానే మంచం మీది నుంచి ప్రశ్న వచ్చేది.

"ఎంతవరకు పోయింది?"

"ఇంకా ఉందమ్మా."

ఆ జవాబు కొన్నాళ్ళు నిజం. తరవాత నిజం కాలేదు. ఒక సాయంత్రం వకుళ నన్ను రెండు చేతుల మీద ఎత్తి, పడమటి వెలుగుకు అడ్డం పట్టి చూసింది. నా ఒడి తెల్లగా ఉంది. మరక ఎక్కడుండేదో నాకు తెలుసు కాబట్టి నాకు కనిపిస్తోంది, అంతే. ఆమె చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. చేతులు నొప్పెట్టి ఉంటాయి. కిందికి దిగాక ఆ ప్రశ్న వచ్చింది.

"ఎంతవరకు పోయింది?"

"ఇంకా ఉందమ్మా" అంది వకుళ.

ఇంటికంతటికీ భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను ఆ రోజుదాకా. మరక పోయిందని చెబితే తల్లి ఇక ప్రయాణానికి సిద్ధమైపోతుందని ఆమె భయం. మరక పోతే నన్ను కాలుస్తారని నా భయం. ఆ అబద్ధాన్ని మేమిద్దరం కలిసి ఆడాం. మర్నాడు, ఆ మర్నాడు కూడా నన్ను తెల్లటి ఒడితోనే ఎండకు పరిచింది.

ఆ అబద్ధాన్ని నమ్మినవాడు ఒకడున్నాడు. వకుళ తండ్రి ఓంకారయ్య.

ఓంకారయ్య మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. చెవి కొంచెం మందం. ఊరి నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు కలపడం ఆయన ఉద్యోగం. లోకంలో బ్లీచింగ్‌తో పోనిది లేదని ఆయన నమ్మకం. బాత్రూం నాచు, సింకు వాసన, అల్లుడి తెల్లచొక్కా మీది సిరా, అన్నిటికీ అదే మందు. భార్య రోజూ అడగడం, కూతురు రోజూ ఇంకా ఉందనడం వింటున్నాడు. ఆయన చూపు కూడా తగ్గింది, ఉందో లేదో పరీక్షగా చూడలేడు. భార్య అడిగిన ఒక్క కోరిక తీరకుండానే పోతుందేమోనని ఆయన భయం. ఇంట్లో ఎవరి భయం వాళ్ళది.

వకుళ బడిలో ఉన్న వేళ ఆయన మేడెక్కి నన్ను తీసుకొచ్చాడు. పెరటి వసారాలో బకెట్టు పెట్టాడు. డబ్బా మూత తీశాడు. ఆ వాసన నాకు కొత్త. ముక్కు లేనిదాన్ని నేనే ముడుచుకుపోయాను. ఆయన కొలవకుండా రెండు గుప్పిళ్ళు వేసి కర్రతో కలిపాడు.

"ఊరు ఊరంతా తాగింది నా చేతి నీళ్ళు. ఈ చీరెంత" అన్నాడు నాతోనే. ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందో చెప్పలేను.

కిష్టప్ప మాట గుర్తొచ్చింది. నూలుకు పనికొచ్చేది పట్టును చంపుతాది.

ఒక కొస ముంచాడు. అంచు కొస. మొదట ఏమీ తెలియలేదు. తరవాత నా అంచు రంగు కదిలింది. వంగపండు రంగు పాలిపోయి, పచ్చబడి, పట్టు జిగురులా మెత్తబడింది. పోగు పోగునుంచి వదిలిపోతోంది. కాలడం కూడా ఇలాగే ఉంటుందా? నూలు మాత్రం హాయిగా తెల్లబడుతోంది. కిష్టప్పా సవారమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మెలేసిన ఆ చోట, నా రెండు ప్రాణాల్లో ఒకటి పోతుంటే ఇంకొకటి మెరుస్తోంది.

ఆయన మిగతా చీరను చేతిలో పోగు చేసుకున్నాడు, మొత్తం ముంచడానికి.

"ఏమయ్యా!" లోపలి నుంచి కేక. "ఏందా వాసన? ఏం జేస్తున్నావు?"

ఆయనకు వినబడలేదు.

"ఏమయ్యో! చీర ముంచొద్దు! పట్టు కరిగిపోతాది!"

వినబడలేదు. లోపల ఏదో పడ్డ చప్పుడు. తరవాత గోడకు చెయ్యి రాసుకుంటున్న చప్పుడు, ఆగి ఆగి. మంచం దిగి ఎన్నాళ్ళయిందో తెలియని మనిషి, వసారా గడప దగ్గర కనిపించింది. జుట్టు విరబోసుకుని ఉంది. ఊపిరి అందడం లేదు. ఆయన తలెత్తి చూసి, చీర సంగతి మరచిపోయి, "చూడామణీ, నువ్వెట్ల లేచినావు?" అన్నాడు.

ఆమె వచ్చి బకెట్టు పక్కన కూలబడి, నన్ను లాగి ఒళ్ళో వేసుకుంది. ఆ నీళ్ళు ఆమె చేతుల మీదుగా కారాయి.

"నీళ్ళు" అంది. "మంచినీళ్ళు పొయ్యి. పోస్తానే ఉండు."

ఆయన చెంబుతో పోస్తూనే ఉన్నాడు. సగం నీళ్ళు ఆమె మీదే పడుతున్నాయి. వకుళ బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు, తడిసి ముద్దై. నన్ను మధ్యలో పెట్టుకుని.

"మరక పోలేదన్నావు గదమ్మా... పోతుందేమోనని..." అన్నాడు ఓంకారయ్య.

వకుళ తల్లిని మంచం మీదికి చేర్చి, ఒంటి మీది తడిచీర మార్చి, దుప్పటి కప్పింది. తరవాత నన్ను చూసింది. అంచు కొస అరచేతి మేర పోయింది. మిగతాదంతా బతికింది. చూడామణి నన్ను అడిగి తీసుకుని, ఒడిలో మరక ఉండాల్సిన చోట చూసింది. వేలితో తడిమింది. కూతురి ముఖం వైపు చూసింది.

"ఎన్నాళ్ళయిందే ఇది పోయి?"

వకుళ తల వంచుకుంది.

చూడామణి తిట్టలేదు. చాలాసేపు కళ్ళు మూసుకుని పడుకుంది. నిద్రపోయిందనుకున్నాం.

"బకెట్లో పోతుంటేనే చూడలేకపోయినా" అంది కళ్ళు తెరవకుండానే. "దీన్ని నిప్పులో ఎట్ల పెట్టమన్నానే నేను?"

మర్నాడు ఆమె బియ్యం అడిగింది. పసుపు, కాస్త నూనె. పళ్ళెం తనే ఒళ్ళో పెట్టించుకుని, వేళ్ళతో కలిపింది. కలుపుతూ మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంది.

"చీర కట్టుకుని రా" అంది కూతురితో.

"ఎందుకమ్మా?"

"నీ పుట్టిల్లు ఎవరే? నేనే గదా. నేను పోయినాక నీకు ఒడిబియ్యం ఎవరు పోస్తారు? మీ నాయనా? బ్లీచింగ్ పోస్తాడు."

తలుపు దగ్గర నిలబడ్డ ఓంకారయ్యకు ఆ మాట వినబడింది. ఎందుకో అది మాత్రం వినబడింది. ఆయన నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

వకుళ నన్ను కట్టుకుని వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత ఒక మనిషి ఒంటి వెచ్చదనం తగిలింది నాకు. ఆమె మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, జాగ్రత్తగల మనిషి కదా, కొంగు భుజం మీదికి తీసి, ఒడి పట్టింది. అచ్చంగా తల్లి పట్టినట్టే.

"కొంగు పట్టు" అంది చూడామణి.

"అమ్మా, పట్టు మీద పసుపు పడితే పోదు."

"పోకపోనీ. కొంగు పట్టు."

వకుళ కొంగు చాపింది. చూడామణి దోసిలితో తీసి పోసింది. చేతిలో బలం లేదు, సగం గింజలు పక్కకు జారుతున్నాయి. అయినా ఆగలేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా పోసింది. నా జరీలోకి, నా పట్టులోకి పసుపు దిగింది. అది దిగుతుంటే నేను మొదటిసారి భయపడలేదు.

చలికాలం మొదట్లో చూడామణి పోయింది. ఆ రాత్రి నేను బీరువాలో ఉన్నాను. ఆమె ఎలా పోయిందో నాకు తెలియదు. ఇల్లంతా మనుషుల చప్పుడు వినబడింది. తరవాత బీరువా తలుపు తెరుచుకుంది. వకుళ చెయ్యి లోపలికొచ్చి నా మీద ఆగింది. వెనక నుంచి ఒక ముసలి గొంతు. ఎక్కడున్నా గుర్తుపడతాను ఆ గొంతును.

"మీ మామ పెట్టిన చీర కట్టమనిందంట గదా? యాడుంది? తియ్యి."

నాగరత్నమ్మ. అలంపురం నుంచి మొదటి బస్సుకు వచ్చింది. వకుళే కబురు చేసింది. నన్ను బయటికి తీసి ఆమె చేతిలో పెట్టారు. నా పోగులన్నీ ఆ అగ్గిపెట్టె మాటనే తలుచుకుంటున్నాయి. నాగరత్నమ్మ మడత విప్పింది. పసుపు కనబడింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఇంకా పోలేదా నా మరక?"

"మీది ఒడిలో ఉండేది అత్తా. అది పోయింది. ఇది కొంగుది. అమ్మ నాకు పోసింది."

"కొంగు పట్టించిందా?"

"వద్దన్నా వినలేదు. కొంగే పట్టమనింది."

నాగరత్నమ్మ నన్ను ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. ఆ తడి నా అంచు దాకా దిగింది. తరవాత తనే మడిచింది. మగ్గం మీది నుంచి దిగినప్పటి మడతలోనే సరిగ్గా మడిచి వకుళ చేతిలో పెట్టింది.

"ఇది నీది. దాచిపెట్టు." తన గుడ్డసంచిలోంచి ఒక కొత్త చీర తీసింది. ముతక నేత, ఎర్రంచు. బస్టాండు దగ్గర తెల్లవారకముందే దుకాణం తెరిపించి కొన్నదట. "ఆమెకు నేను తెచ్చినా. పుట్టిల్లు లేదనుకునిందా? నేను బతికే ఉంటిని గదా."

ఆ చీరతోనే చూడామణిని పంపారు.

ఇప్పుడు నేను వకుళ బీరువాలో ఉన్నాను. ఇనుము తగలకుండా పాత తెల్లపంచెలో చుట్టి పెట్టింది. మడత మీద మడత చిరగకుండా అప్పుడప్పుడు తీసి వేరేలా మడుస్తుంది. అంచు పోయిన కొసను అలాగే వదిలేసింది, కుట్టించలేదు. కొంగు మీది పసుపును చూస్తుంది. ఆమె కుంకుడుకాయలు నానబెట్టదు. ఎండకు పరచదు.

నాకు భయం పూర్తిగా పోలేదు. ఏదో ఒక రోజు ఈ తలుపు తీసి ఎవరో పుట్టింటి చీర ఏదీ అని అడుగుతారు. ఆ రోజు వకుళ కోసం అడుగుతారు. అప్పుడు నన్ను వెనక్కి దాచేవాళ్ళు ఉండరు. ఉండకపోయినా ఫర్వాలేదనే ఇప్పుడు అనుకుంటున్నాను. వెళ్ళే ముందు ఎవరూ నన్ను శుభ్రం చేయకుండా ఉంటే చాలు.

ఆమె తన తల్లి ముందుకు వెళ్ళేటప్పుడు కొంగు మీద ఆ మరక ఉండాలి.